లంచానికీ ఒక పద్ధతుండాలి

స్థానిక సంస్థలలో అవినీతిని అంతమొందించాలన్న విషయంలో మన తెలుగు ప్రజలకున్నంత ఏకాభిప్రాయం మరే విషయంలోనూ లేదని నిస్సంకోచంగా చెప్పగలను. కులాలుగా, పార్టీలుగా, అభిమాన నటుల సంఘాలుగా, చివరికి ఒకే ఇంట్లో రెండు వాటాలుగా విడిపోయినవాళ్ళు కూడా, గ్రామ పంచాయతీ మొదలు నగరపాలక సంస్థ దాకా లంచమనేది పోవాలన్న మాట దగ్గర ఒక్కటైపోతారు. కొన్నేళ్ళుగా మా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉండటం వల్ల ఈ ఏకాభిప్రాయాన్ని దగ్గర నుంచి పరిశీలించే భాగ్యం నాకు కలిగింది. లంచాన్ని సమర్థించే మనిషి ఒక్కడైనా దొరకకపోతాడా అని చాలాకాలం వెతికాను. దొరకలేదు. ఇచ్చేవాళ్ళు వ్యతిరేకమే, పుచ్చుకునేవాళ్ళు వ్యతిరేకమే, మధ్యలో ఉండి ఇప్పించేవాళ్ళు మరీ వ్యతిరేకం. పుచ్చుకునేవాళ్ళ ఆశ పెరిగిపోయి తమకు మిగిలేది నానాటికీ తగ్గిపోతోందని వాళ్ళ ఆవేదన. ఇందరు ఇంత గట్టిగా వ్యతిరేకిస్తున్న వస్తువు ఇంత ఆరోగ్యంగా ఎలా బతుకుతోందన్నది పండితులు తేల్చవలసిన సంగతి. ప్రజలు నిజంగా ఏం కోరుకుంటున్నారో ప్రభుత్వానికి, చట్టసభలకు, మరీ ముఖ్యంగా సంబంధిత సీటులోని గుమాస్తాగారికి సవినయంగా విన్నవించడం వరకే నా పని.

ముందుగా లంచమంటే ఏమిటో తేల్చుకోవాలి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించినప్పుడు అందులో ‘అనుచిత ప్రయోజనం’ అనే అర్థం వచ్చే మాటను చేర్చి, దానికి వివరణ ఇవ్వడానికి శాసనకర్తలు చాలా శ్రమపడ్డారు. ప్రజలు ఆ శ్రమేమీ లేకుండా ఏనాడో తేల్చేసుకున్నారు. ఎదుటివాడు ఇస్తే అది లంచం, మనం ఇస్తే అది ఖర్చు. పక్కింటాయన ప్లానులో లేని మూడో అంతస్తు కోసం ఇచ్చుకున్నది పచ్చి అవినీతి. దాని మీద ఎవరైనా ఫిర్యాదు పెడితే బాగుండునని మనకు ఉంటుంది. మనం సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన జాగాలో, మెట్లు కట్టుకోవడానికి ఇచ్చుకున్నది మాత్రం ‘వాళ్ళనీ చూసుకోవాలి కదా’ అన్న మానవతా దృష్టి.

అదే సవరణ ఇచ్చేవాడిని కూడా నేరస్థుల జాబితాలో చేర్చింది. ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. అయితే దయతలచి ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది: బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవాడు ఏడు రోజుల్లోగా ఆ సంగతి పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే నేరం అంటదు. ఈ ఏడు రోజుల గడువును పెట్టినవారెవరో గానీ, మన స్వభావం వారికి బొత్తిగా తెలియదు. ఏడు రోజుల్లో పని అయిపోయిందనుకోండి, అంత చక్కగా పని చేసిపెట్టిన మనిషి మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? కాలేదనుకోండి, రేపో మాపో అవుతుందన్న ఆశతో ఆ ఏడు రోజులూ గడిచిపోతాయి. ఎనిమిదో రోజున మనకు అవినీతి మీద పట్టరాని కోపం వస్తుంది గానీ, అప్పటికి మనమే నేరస్థులమై కూర్చుంటాం.

మా సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక పేజీని చరిత్రకారుల సౌకర్యార్థం ఇక్కడ ప్రస్తావిస్తాను. దస్తూరీ నాదే. మొదటి తీర్మానం: “పురపాలక కార్యాలయంలో పెచ్చరిల్లుతున్న అవినీతిని ఈ సర్వసభ్య సమావేశం ముక్తకంఠంతో ఖండిస్తున్నది.” రెండవ తీర్మానం: “కొత్త మంచినీటి కనెక్షన్ల నిమిత్తం ఇంటికి 1,500 రూపాయల చొప్పున వసూలు చేయుటకు నిర్ణయించడమైనది.” కాలనీకి కొత్తగా వచ్చిన ఒక కుర్రవాడు లేచి, అందులో రసీదు ఎంతకు వస్తుందని అడిగాడు. మా కోశాధికారి పదవీ విరమణ చేసిన లెక్కల మాష్టారు. ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “నాలుగు వందలకు వస్తుంది బాబూ” అన్నారు.

“మరి మిగతాది?”

“ఇతరములు.”

ఆ కుర్రవాడు ఇంకేదో అడగబోయాడు. అధ్యక్షులవారు చేయి అడ్డుపెట్టి, “మొదటి తీర్మానంలో ఖండించాం కదా నాయనా, ఇంకా ఏమిటి?” అని అనునయించారు. రెండు తీర్మానాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. నా ఓటు కూడా రెండింటికీ పడింది.

అవినీతి మీద ప్రజలకున్న అసలు ఫిర్యాదు ఏమిటో నాకు పూర్తిగా బోధపడింది మాత్రం ఒక పురపాలక కార్యాలయం వరండాలో. ఇంటి పన్ను పేరు మార్పిడి పని మీద వెళ్ళి, కాళ్ళు సమంగా లేని ఒక చెక్క బల్ల మీద నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. కిటికీ దగ్గర ఒక పెద్దమనిషి గొంతు చించుకుంటున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో దస్తావేజుల జిరాక్సులు, కవరు చుట్టూ రెండు పేటలుగా వేసిన రబ్బరు బ్యాండు. “ఏం మనుషులయ్యా మీరు? డబ్బులు తీసుకుని మూడు నెలలైంది, ఇంతవరకు ఫైలు కదల్లేదు. సిగ్గూ శరం ఉండక్కర్లేదా?” వరండాలోని వాళ్ళందరం ఆయన పక్షమే. నా పక్కనున్న ఆవిడ “అంతేగా మరి, తీసుకున్నాక చెయ్యాలి కదా” అని ధర్మం చెప్పింది. గుమాస్తా తల ఎత్తకుండానే, “మీరిచ్చింది పాత సారుకండీ. ఆయన ట్రాన్స్‌ఫరైపోయారు” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ జవాబులోని న్యాయం అందరికీ అర్థమైంది.

ఇదీ సమస్య. ఒక అధికారి బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగింతల జాబితాలో బీరువా తాళాలు, స్టాంపు ప్యాడ్లు, చేయి విరిగిన కుర్చీలతో సహా అన్నీ రాసి సంతకాలు తీసుకుంటారు గానీ, ఎవరెవరి దగ్గర ఎంతెంత ముట్టిందో రాసి వచ్చేవారికి అప్పగించే ఏర్పాటు ఇంతవరకు లేదు. ప్రజలు కోరుతున్న సంస్కరణలలో ఇదే ముఖ్యమైనదని నా పరిశీలనలో తేలింది. అవినీతి నిరోధానికి మార్గాలు చెప్పమని 1962లో కేంద్రం నియమించిన సంతానం కమిటీ, పని తొందరగా జరగడం కోసం ఇచ్చే డబ్బును ‘స్పీడ్ మనీ’ అని పేర్కొన్నది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1964లో ఏర్పడింది ఆ కమిటీ సిఫార్సుతోనే. అరవై ఏళ్ళు దాటాక చూస్తే మనీ నిలకడగా ఉంది, స్పీడే పోయింది. జనం బాధపడేది ఈ రెండో భాగం గురించే.

ధరల విషయంలో గోప్యత ఇంకో బాధ. “ఎంత ఇమ్మంటారు?” అని అడిగితే “మీ ఇష్టమండీ” అంటారు. తెలుగులో ఇంతకన్నా క్రూరమైన మాట నేను వినలేదు. తక్కువ ఇస్తే ఫైలు అడుగుకు పోతుంది. ఎక్కువ ఇస్తే, అదే పనికి అందులో సగమే ఇచ్చిన ఎదురింటాయన జన్మంతా నవ్వుతాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రతి కార్యాలయమూ ఎవరూ అడగకుండానే 17 అంశాల సమాచారాన్ని ప్రకటించాలి; అందులో సిబ్బంది నెలసరి జీతాలు కూడా ఉన్నాయి. జీతం గురించి చట్టం ఇంత శ్రద్ధ తీసుకుని గీతాన్ని ఎందుకు వదిలేసిందో తెలియదు. పద్దెనిమిదో అంశంగా దాన్ని చేర్చి, కొళాయికి ఇంత, ప్లానుకు ఇంత, జనన ధ్రువపత్రంలో అక్షరదోషం దిద్దడానికి అక్షరానికి ఇంత అని గోడ మీద రాయించి, కింద రసీదు ఇచ్చే ఏర్పాటు కూడా చేస్తే, లంచం మీద ఈ దేశంలో ఇంకొక్క ఫిర్యాదు వస్తే నన్నడగండి.

ఇక పనుల విషయం. సిమెంటు రోడ్డు వేసినప్పుడు కాంట్రాక్టరు బిల్లులోంచి ఎవరికి ఎంత శాతమో, చేసిన పనిని కొలిచి రాసే ఎం-బుక్‌లో కొలతలు ఎవరి చేతిలో ఎలా పెరుగుతాయో ఊళ్ళో స్కూలు పిల్లలు కూడా చెప్పగలరు. దాని మీద ప్రజల తీర్పు ఎప్పుడూ ఒకటే: “తింటే తిన్నాడు, పని చేశాడు.” పంచాయతీ, పురపాలక రాజకీయాల్లో ఒక ప్రజాప్రతినిధికి దక్కే అత్యున్నత ప్రశంస ఇది. తినకుండా చేసినవాడిని చూస్తే మనకు కాస్త అనుమానం కలుగుతుంది, ఏదో పెద్దదానికే ఎసరు పెడుతున్నాడని. నీళ్ళలో ఈదే చేప ఎప్పుడు నీళ్ళు తాగుతుందో ఎలా తెలియదో, ఖజానా ఉద్యోగి ఎప్పుడు సొమ్ము కాజేస్తాడో అలాగే తెలియదని కౌటిల్యుడు రాశాడు. ఆయన పాపం చేపను పట్టుకోవాలనుకున్నాడు. మనం చేపను వదిలేసి, చెరువులో కాసిని నీళ్ళు మిగిల్చితే చాలనే స్థితికి వచ్చాం.

ఎన్నికల సంగతికి వస్తే, 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. హోదా వచ్చిన వస్తువుకు ధర పెరగడం సహజం. 2019లో తెలంగాణలోనూ 2021లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, కొన్ని ఊళ్ళలో సర్పంచి పదవిని రచ్చబండ దగ్గర వేలం వేశారని పత్రికలలో చదివాం. ఇది అక్రమమని ఎన్నికల సంఘం చెప్పింది. ఊరివాళ్ళ వాదన మాత్రం వేరు. వేలం బహిరంగంగా జరిగింది, పాట అందరూ విన్నారు, సొమ్ము గుడికి జమ అయింది, ఇంతకన్నా పారదర్శకత ఏముంటుంది? నిజానికి ఆ ఊళ్ళో ఆ అయిదేళ్ళలో పారదర్శకంగా జరిగిన లావాదేవీ అదొక్కటే కావచ్చు. పాట పాడి గెలిచినాయన ఆ పెట్టుబడిని ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడన్నది అప్పుడు ఎవరూ అడగరు. శుభమా అని పదవి తీసుకుంటుంటే అడగడం మర్యాద కాదు. వేలం లేని చోట ఓటుకు నోటు ఉంటుంది. ఓటుకు డబ్బు తీసుకోవడం కూడా ఇవ్వడంతో సమానమైన నేరమేనని చట్టంలో ఉంది గానీ, ఆ విషయంలో ప్రజల ఆగ్రహం ఎప్పుడూ ఒక్క కారణానికే కట్టలు తెంచుకోవడం చూశాను: పక్క వీధికి ఇచ్చి మన వీధికి ఇవ్వనప్పుడు.

ప్రభుత్వం తన వంతుగా అవినీతి నిరోధక శాఖను పెట్టింది, 1064 అనే టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చింది. వాళ్ళు వల పన్నే పద్ధతి కూడా శాస్త్రీయమైనదే. నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుని, వాటి మీద ఫినాఫ్తలీన్ పొడి చల్లి ఫిర్యాదుదారు జేబులో పెడతారు. పుచ్చుకున్నవాడి వేళ్ళను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళను సీసాలో పోసి సీలు వేస్తారు. మర్నాడు పేపర్లో బొమ్మ పడుతుంది: బల్ల మీద నోట్లు, పక్కన సీసాలు, వెనక తల దించుకున్న మనిషి. ఆ బొమ్మ చూసి ఊరు పండగ చేసుకుంటుందని మీరనుకుంటే పొరపాటు. “పాపం, దొరికిపోయాడు” అంటారు. దొరికిపోవడమనేది కాలు జారి పడటం లాంటి దురదృష్టమని అందరి భావన. “అయినా ఆ ఒక్కడేనా తినేది?” అని రెండో మాట. “పిల్లకు ఆ సంబంధమే మొన్న అనుకున్నాం, నయం” అని మూడో మాట, ఇది ఇంటి లోపలి నుంచి. ఆ సంబంధం అనుకున్నప్పుడు ‘జీతం తక్కువే గానీ పై రాబడి బాగుందట’ అన్న మాట కూడా ఆ లోపలి నుంచే వచ్చిందని ఇక్కడ గుర్తుచేయడం భావ్యం కాదు.

లంచం లేకుండా పని జరిగితే ప్రజలు ఎలా స్పందిస్తారన్న ప్రశ్న మిగిలింది. నేను కళ్ళారా చూశాను గనుక వివరంగా చెబుతాను. మా వీధిలో ఒకాయన పాత ఇల్లు కొని, పన్ను పేరు మార్పిడికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకున్నాడు. కట్టవలసిన రుసుము కట్టాడు. రెండు వారాల్లో ఫోనుకు సందేశం వచ్చింది, పేరు మారిందని. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ‘మీ ఇష్టం’ అనలేదు. ఆ మనిషికి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం ప్రింటు తీయించుకుని నా దగ్గరకు వచ్చాడు. “కార్యదర్శిగారూ, ఇది నిజమైనదేనంటారా?” అన్నాడు. నిజమైనదే అన్నాను. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. “మరి మనం ఏమీ ఇవ్వలేదు కదండీ, రేపు ఎవరైనా వచ్చి కొట్టేస్తే?” అన్నాడు. కొట్టేయరని ఎంత చెప్పినా వినలేదు. చివరికి మంచిరోజు చూసుకుని కార్యాలయానికి వెళ్ళి, ఆ పని చేసిన ఉద్యోగిని వెతికి పట్టుకుని, వద్దంటున్నా చేతిలో కొంత పెట్టి వచ్చాడు. “ఇప్పుడు గట్టిగా ఉంటుందండీ” అని తృప్తిగా చెప్పాడు. ఆ ఉద్యోగి కొత్తగా చేరిన అమ్మాయట. ముందు భయపడిందట, తర్వాత తీసుకుందట. ఆమెకు ఆ శాఖలో మొదటి పాఠం చెప్పిన గురువు మా వీధివాడేనని రాయడానికి కార్యదర్శిగా నేను గర్వపడాలో లేదో తేల్చుకోలేకపోతున్నాను.

తెలంగాణలో 2020 నుంచి 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించకుండా ఇల్లు కట్టుకునేవాళ్ళకు అనుమతే అవసరం లేదన్నారు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలట. అప్పుడు మా బంధువొకాయన అడిగిన ప్రశ్న: “రూపాయి సరే, పైన ఎంత?”

డబ్బు ఖర్చు లేని మార్గాలు కూడా కొన్ని ఉన్నాయని న్యాయంగా ఒప్పుకోవాలి. సమాచార హక్కు కింద దరఖాస్తుకు మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. ఉపాధి హామీ పనులకు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సామాజిక తనిఖీ ఉంది. తనిఖీ బృందం ఇంటింటికీ తిరిగి మస్టరులో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఉన్న పేర్లను మనుషులతో సరిచూస్తుంది. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ఎదుట చదువుతుంది. అలాంటి ఒకదానికి నేను వెళ్ళాను. షామియానా కింద ఒక ముసలామె లేచి, మస్టరులో తన పేరు మీద పడిన ఆరు రోజులూ తాను ఆసుపత్రిలో ఉన్నానని చెప్పింది. ఆమె దగ్గర ఆసుపత్రి చీటీ కూడా ఉంది, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసి తెచ్చింది. వేదిక మీదివాళ్ళు గొంతు సవరించుకున్నారు. కూలీలకు హాజరు వేసే మేట్ అటూ ఇటూ చూశాడు. ఆ డబ్బు రికవరీకి అక్కడికక్కడే రాశారు.

చదువుకున్నవాళ్ళకు ఈ పద్ధతి నచ్చకపోవడానికి కారణం ఉంది. ఇందులో ఎండలో కూర్చోవాలి, లేచి నిలబడాలి, మనకు తెలిసినవాడి మొహం మీదే అడగాలి. రేపు వాడితోనే పని పడుతుంది. 74వ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు వార్డు కమిటీలు ఉండాలంది. మా వార్డులో అలాంటిది ఉందో లేదో నాకు తెలియదు, మా అధ్యక్షులవారికీ తెలియదు, తెలుసుకోవాలని మా సంఘం ఎన్నడూ తీర్మానించలేదు. అడిగే మనిషి ఒకడు మా కాలనీలోనూ ఉండేవాడు. రోడ్డు అంచనాల నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాడు. “వాడికేం పనీ పాటా లేదు” అన్నారు కొందరు. “ఎంతకో బేరం పెట్టి ఉంటాడు” అన్నారు తక్కినవాళ్ళు. అంచనాల నకలు వచ్చింది. చదవడానికి ఎవరూ రాలేదు.

ప్రజలు మనస్ఫూర్తిగా హర్షించే అవినీతి నిరోధక చర్య ఒక్కటే ఉంది, క్రమబద్ధీకరణ. ముందు ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర, ఆ తర్వాత 2015లో రెండు రాష్ట్రాలలోనూ, అనుమతి లేని కట్టడాలను అపరాధ రుసుముతో సక్రమం చేసే పథకాలు వచ్చాయి. ఒక్కసారిగా పాతవన్నీ కడిగేసుకోవచ్చు. ప్లాను ప్రకారం కట్టుకున్న అమాయకులు కొందరు మాత్రం, తమకు ఈ పథకంలో ఏమీ రాలేదని నొచ్చుకున్నారు.

ఇక మా సంఘం చేపట్టిన తాజా కార్యక్రమం. వీధి మొగలో ఒక బోర్డు పెట్టాలని సభ్యులు పట్టుబట్టారు: “లంచం అడిగితే 1064కు ఫోన్ చేయండి.” ఇనుప గొట్టాలు, రేకు, రాత అన్నీ కలిపి అయిదు వేలయింది. బహిరంగ స్థలంలో బోర్డుకు పురపాలక అనుమతి ఉండాలని తెలిసి దరఖాస్తు పెట్టాం. రెండు నెలలు చూశాం. లెక్కల మాష్టారు ‘ఇతరములు’ కింద ఏమైనా రాయమంటారా అని అడిగారు. బోర్డు విషయంలో అది బాగుండదని ఎక్కువమంది అభిప్రాయపడటంతో, ఒక ఆదివారం రాత్రి డ్రైనేజీ గట్టు మీద గుంటలు తీసి మేమే పాతేశాం. సోమవారం పొద్దున బిల్ కలెక్టరు వచ్చి, బోర్డును రెండుసార్లు చదివి, చుట్టూ తిరిగి, అడుగులతో కొలిచి, ఇది అనధికార నిర్మాణమని తేల్చాడు.

“ఇప్పుడేం చేయమంటారు?” అన్నారు అధ్యక్షులవారు.

“ప్రస్తుతానికి ఉండనివ్వండి సార్. మళ్ళీ పథకం వచ్చినప్పుడు రెగ్యులరైజ్ చేయించుకుందురు గాని” అన్నాడతను. మాష్టారు ఆ సంగతిని నా చేత మినిట్స్‌లో రాయించారు.